సీలు తీసిన మనిషి

ఆగస్టు ఇరవై ఒకటి. ఆ పొద్దున నేత సంఘం షెడ్డులో ఆడవాళ్ళంతా తిన్నది చద్దన్నం, వేయించిన ఊరమిరపకాయలు. కన్నమ్మకు మాత్రం ముద్ద దిగలేదు.

ఇంకాసేపట్లో ఢిల్లీ నుంచి పార్లమెంటు కమిటీ వస్తోంది.

చిన్న పరిశ్రమల శాఖ ఎక్కడ ఎంత ఖర్చు పెట్టింది, అది జనానికి పనికొచ్చిందా లేదా అని చూసే కమిటీ. తిరుత్తణి పక్కనున్న ఈ షెడ్డులో ఆ శాఖ ఒక పడుగు మెషిను పెట్టింది. మగ్గాలకు కావలసిన పోగులను వరసగా డ్రమ్ము మీదికి చుట్టే మెషిను.

నాలుగు నెలలుగా అది తిరగడం లేదు.

"తిరగని మెషిను కనబడితే పొన్నేరి సంఘానికి మార్చేస్తారక్కా," అని శాఖ ఆఫీసరు బాలమురుగన్ ముందురోజే ఫోనులో చెప్పాడు. "వాళ్ళు అడుగుతానే ఉండారు."

మెషిను మూతకు శాఖ సీలు ఉంది. వాళ్ళ మెకానిక్కు తప్ప ఇంకెవరూ దాన్ని తీయకూడదు. ఆ మెకానిక్కు కోసం కన్నమ్మ చేయని ఫోను లేదు.

మెషిను పోతే మళ్ళీ వీధి పొడవునా పోగులు సాగదీసి, ఎండలో నిలబడి పడుగు చేసుకోవాలి. సంఘాన్ని నడిపేది కన్నమ్మే. ఆడవాళ్ళంతా ఆమె మొహంలోకే చూస్తున్నారు.

అప్పుడు వచ్చాడు ఒక పెద్దాయన. నెరిసిన మీసం, చేతిలో గుడ్డసంచి.

"మెషిను ఇదేనామ్మా?"

కన్నమ్మకు ఒళ్ళు మండింది.

"ఇదే. ఇన్నాళ్ళు యాడికి పోయినావయ్యా? ఢిల్లీ వాళ్ళు వస్తారనంగానే దావ తెలిసిందా?"

ఆయన ఏదో చెప్పబోయి ఆగాడు. మెషిను చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇది లేకుండా ఎట్ల చేస్తా ఉండారు?"

"ఎట్ల చేస్తాము? వీధిలోనే. మా ఎస్తేర్‌ను చూడు, ఏడో నెల. నిన్నంతా ఎండలో పోగులు పట్టుకోని నిలబడింది."

ఆయన ఎస్తేర్ కాళ్ళకేసి చూశాడు. వాచి ఉన్నాయి. గోడ పక్కనున్న స్టూలు తెచ్చి ఆమె దగ్గర పెట్టాడు.

తర్వాత చాలాసేపు ఊరికే నిలబడ్డాడు.

"ఏమయ్యా, మంత్రం వేస్తా ఉండావా?" అంది కన్నమ్మ.

"ఒక స్పానరు దొరుకుతాదామ్మా? కొంచెం కిరసనాయిలు కూడా."

"స్పానరు లేకుండా వచ్చే మెకానిక్కును ఇప్పుడే చూస్తా ఉండా."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కనున్న సైకిలు షాపు నుంచి రెండూ తెచ్చారు.

ఆయన సీలు తీగను పట్టి మెలితిప్పాడు. పుటుక్కున తెగింది. మూత తీసి, తుప్పు పట్టి బిగుసుకుపోయిన బ్రేకును రుద్దుతూ కూర్చున్నాడు.

స్విచ్చి వేశారు. డ్రమ్ము కదిలి, ఆగింది. మళ్ళీ మూత తీశాడు. మళ్ళీ వేశారు.

ఈసారి తిరిగింది. అది ఆగలేదు.

"ఈ పొద్దుకు తిరిగితే సాలు గదా మీకు," అంది కన్నమ్మ.

"రేపు కూడా తిరుగుతాదిలేమ్మా. అప్పుడప్పుడు ఇక్కడ రెండు చుక్కలు నూనె వేయండి."

బయట కార్లు ఆగాయి. ఆయన చేతులు తుడుచుకుని వెనక వాకిలి గుండా వెళ్ళిపోయాడు.

కమిటీ లోపలికి వచ్చింది. అందులో ఒకామె తిరుగుతున్న డ్రమ్మును చూసి, ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"రోజూ తిరుగుతాదా, లేక మేము వస్తామని తిప్పినారా అని అడుగుతా ఉండారక్కా," అన్నాడు బాలమురుగన్. రోజూ తిరుగుతుందని చెప్పమని అతని కళ్ళు బతిమాలుతున్నాయి.

ఆ ఒక్క మాట అంటే అయిపోతుంది. మళ్ళీ ఆగిపోతే మాత్రం ఎవరూ రారు. నిజం చెబితే ఈరోజే మెషిను పోవచ్చు.

కన్నమ్మ కమిటీ ఆమె వైపు తిరిగింది.

"నాలుగు నెలలు నిలిచిపోయి ఉండింది. మెకానిక్కును పంపండని అడిగి అడిగి నోళ్ళు నొప్పెత్తినాయి. మీరు వస్తారని తెలిసినాకే ఈ పొద్దు ఒకాయన వచ్చి సరిచేసినాడు. ఇప్పుడు బాగుంది. తీసుకపోవద్దండి."

బాలమురుగన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా ఇంగ్లీషులో చెప్పాడు.

కన్నమ్మ ఎస్తేర్ వైపు చూసింది. ఆమెకు ఇంగ్లీషు వచ్చు.

"అంతా చెప్పినాడక్కా. ఒక్క మాట కూడా మింగలేదు."

మధ్యాహ్నం తిరువళ్ళూరు మీటింగులో జవాబు చెప్పమని బాలమురుగన్‌తో అని, కమిటీ వెళ్ళిపోయింది.

దీపాలు పెట్టే వేళకు బాలమురుగన్ తిరిగి వచ్చాడు.

"తిట్లు బాగానే పడినాయక్కా. మెషిను మాత్రం మీకే."

కన్నమ్మ వెళ్ళి డ్రమ్ము మీద చెయ్యి వేసింది. ఎస్తేర్ కళ్ళు తుడుచుకుంది.

"అది సరే, పొన్నేరి ఆయనను మీరెట్ల ఒప్పించినారు?" అన్నాడు బాలమురుగన్.

"పొన్నేరి ఆయన ఎవరు? వచ్చింది మీ మెకానిక్కు గదా."

"మాకు మెకానిక్కు యాడ ఉండాడక్కా? ఆ పోస్టే ఖాళీ. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదు."

కన్నమ్మ తలెత్తింది.

"పొన్నేరి సంఘం పెద్ద, దండపాణి అని. ఈ మెషిను మాకిప్పించండని, ఇది ఆగిపోయినప్పటి నించి అర్జీలు పెడతా ఉండేది ఆయనే. కమిటీ ఆయనను కూడా మీటింగుకు పిలిచింది. ఇప్పుడు మెషిను మాకు వద్దు అన్నాడు."

"ఏమన్నాడు? సరిగ్గా చెప్పయ్యా."

"'తీసుకపోయే ముందు చూద్దామని పొద్దున పోయినాను. నా చేత్తోనే తిప్పి వచ్చినాను. తిరిగే మెషినును ఎట్ల ఊడబెరుక్కోని పోతాము' అన్నాడు."



"అట్లయితే రేపు కూడా పొన్నేరి వాళ్ళు వీధిలోనే గదక్కా," అంది ఎస్తేర్.

అందరూ బయటికి వెళ్ళాక, కన్నమ్మ షెడ్డు తలుపు చప్పుడు కాకుండా మూసింది.