ఎడమపక్క మనిషి

నీళ్ల సీసా మళ్లీ మంచానికి ఎడమపక్కకు పోయింది.

మల్లప్ప దాన్ని తెచ్చి కుడిపక్కన పెట్టాడు. మధ్యాహ్నం నుంచి ఇదే పని.

"ఎవరు జరిపిండ్రు?"

"నేనే సేటూ," అంది షరీఫా. కుర్చీని కాలితో నెట్టుకుంటూ ఎడమపక్కకు తీసుకుపోయి, బురఖా సర్దుకుని కూర్చుంది. ఆ కాలితో నెట్టడం కూడా మల్లప్పకు నచ్చలేదు.

ఆమె ఏ పేషెంటు తాలూకో అతడికి తెలియదు. తాండూరు నుంచి రైల్లో వస్తుంది, మధ్యాహ్నం వార్డులో తేలుతుంది, సాయంత్రం రైలుకు పోతుంది. పని లేకుండా వచ్చే మనిషి ఏదో ఒకటి అమ్మడానికే వస్తుందని మల్లప్ప నమ్మకం. ఇవాళో రేపో నూనె సీసానో తాయెత్తో బయటికి తీస్తుందని చూశాడు. తీయలేదు. అది ఇంకా చికాకు.

మల్లప్పది తాండూరులో కిరాణా దుకాణం. భార్య కాశమ్మ దుకాణంలోనే కుప్పకూలింది. తలలో నరం చిట్లిందన్నారు. పట్నంలో ఆపరేషన్ చేసి, ప్రాణానికి భయం లేదు, ఇక కోలుకోవాలని వికారాబాదు ఆసుపత్రికి పంపారు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాయి. అంతకన్నా వింత, ఆమెకు ఎడమవైపు లోకమే లేకుండా పోయింది. అటు చూడదు. అటు నుంచి పిలిస్తే కుడివైపు వెతుకుతుంది.

పళ్లెంలో ఉప్మా పెడితే కుడి సగం తిని తిట్టింది.

"దుకాణంల తూకం సరిగ్గ వేస్తవ్. పెండ్లానికి సగమే పెడ్తవా?"

"మిగిలింది కండ్ల ముందరనే ఉంది కదనే."

"యాడుంది?"

పళ్లెం తిప్పి పెడితే తిన్నది.

ఇంకోసారి తన ఎడమ చెయ్యే ఒంటికి తగిలితే ఉలిక్కిపడింది. "గీ చెయ్యి ఎవరిదో మంచంల పెట్టిపోయిండ్రు. తీసెయ్యమను, ఇరుకైతుంది."

మల్లప్ప ఆ చేతిని దుప్పటి కింద దాచాడు.

తర్వాత తన తెలివి వాడాడు. దుకాణం నడిపినవాడికి తెలిసింది ఒకటే: గిరాకి చెయ్యి చాపితే సరుకు తగలాలి. నీళ్లు, మందులు, దువ్వెన, ఫోను, తాను కూర్చునే కుర్చీ, అన్నీ కుడిపక్కకు చేర్చాడు. కాశమ్మ తిట్టడం తగ్గింది. బేరం కుదిరిందనుకున్నాడు.

అప్పుడే ఈ షరీఫా దాపురించింది.

"ఆమెకు అందకుండ చేస్తె నీకేమొస్తదమ్మా?"

"అందితె చెయ్యి ఎందుకు కదుల్తది సేటూ?"

"నేను అందిస్త. దుకాణం బందు పెట్టి కూసున్నది ఎందుకు మరి?"

"గదే పరేషాన్. నువ్వు జర తక్కువ చెయ్యి."

పెళ్లానికి తక్కువ చెయ్యమని మొగుడికి చెప్పే మనిషిని మల్లప్ప ఎక్కడా చూడలేదు.

అంతలో కాశమ్మకు దాహమైంది. కుడిపక్క తడిమింది. సీసా లేదు. అది మళ్లీ అటుపక్క షరీఫా ఒడిలో ఉంది.

"నీళ్లేవి? సంపుతర నన్ను?"

మల్లప్ప లేచాడు. షరీఫా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు సేటూ. అక్కా, గిటు. నా దిక్కు జూడు. ఇంకా. ఇంకా."

కాశమ్మ కళ్లు నడిమిదాకా వచ్చి ఆగిపోయాయి. ఏడుపు మొదలుపెట్టింది.

మల్లప్ప ఓర్పు అక్కడికి సరి. "నీ మనిషి ఏ మంచం మీదున్నడో ఆడికి పో. నా పెండ్లాన్ని సతాయించకు."

షరీఫా లేస్తూ, "కుర్చీ మాత్రం గిటే ఉండనియ్యి," అంది.

ఆమె గుమ్మం దాటకముందే కుర్చీని కుడిపక్కకు లాగాడు. నర్సు మార్త దగ్గరికి పోయి, ఆమెను మళ్లీ వార్డులోకి రానివ్వొద్దన్నాడు. మార్త ఏదో చెప్పబోయింది.

"నాకేం చెప్పకు సిస్టరమ్మా," అన్నాడు.

మరునాడు షరీఫా రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మల్లప్పకు హాయిగా ఉంది. కాశమ్మకే లేదు.

"ఆమె ఏది?"

"ఎవరు?"

"గిటు కూసునే ఆమె."

అంటూనే కాశమ్మ తల తిప్పింది. పూర్తిగా, ఎడమవైపు. ఖాళీ జాగాను చూసింది. దుప్పటి కింద నుంచి ఎడమ చెయ్యి మెల్లగా జరిగివచ్చి మంచం అంచును తడిమింది.

మల్లప్ప మంచం మీదికి వంగాడు.

"గా చెయ్యి ఎవరిదే?"

"నాదే. ఇంకెవరిదైతది?" కాశమ్మ విసుక్కుంది.

డాక్టరు వచ్చి చూసి సంతోషించాడు. "ఇక నడిపించొచ్చు. ఎడమవైపు నుంచే పలకరించమని మొదటిరోజే చెప్పాను కదా, బాగా పాటించారు."

మల్లప్ప తలూపాడు. మొదటిరోజు అతడు విన్నది భార్య బతుకుతుందన్న ఒక్క మాటే. మిగతాది చెవికెక్కలేదు.

డాక్టరు అటు పోగానే మార్త దగ్గరికి ఉరికాడు.

"సిస్టరమ్మా, గా షరీఫా ఏ పేషెంటు తాలూకు? జర పిలిపియ్యి."

"ఎవరి తాలూకూ కాదు. తనే పేషెంటు. మీ ఆమెకు వచ్చిందే పోయినేడు ఆమెకు వచ్చింది. ఎక్సర్‌సైజుకు వచ్చి, రైలు టైం దాకా మీ దగ్గర కూసునేది. ఇగ రాదు, గుల్బర్గాకు బిడ్డ దగ్గరికి పోయింది."

"మంచిగనే నడుస్తుండె కద?"

"కాలు వచ్చింది. ఎడమ చెయ్యి రాలే. బురఖాల ఉంటది, మీరు చూడలేదు."

మార్త మందుల ట్రే తీసుకుంటూ, అతడి ముఖం చూడకుండా అంది:

"వాళ్లాయన మస్తు మంచోడు సేటూ. తిప్పలు పడొద్దని, ఏడాదంతా ఆమెకు అన్నీ కుడిపక్కనే అందించిండు."