ఆరో గంజిగుడ్డ

ఇప్పుడు ఏ ఫోనుతో తీసినా ఆకాశం నీలంగానే వస్తుంది. నలుపునంతా ఫోనే కడిగేస్తుంది. అందుకే రోజారాణి పాత చీర ముక్కలకు గంజి పట్టిస్తుంది. అత్త పైడమ్మ వాటిని తడిగా ఉండగానే డాబా మీద ఆరేసి వస్తుంది. సాయంత్రానికి వాటి నిండా ఓడరేవు బొగ్గు దుమ్ము అంటుకుంటుంది. కడగడం తెలియని పాత స్కానర్‌లో పెట్టి, ఆ మరకల్ని నీలాకాశం ఫొటోల మీద పొరలు పొరలుగా పరుస్తుంది రోజారాణి. అప్పుడుగానీ అది వాళ్ల ఊరిలా కనపడదు.

ఈరోజు ఆరు గుడ్డల్లో ఒకదాని మీద నలుపు చెట్టు వేళ్లలా పాకింది. అంత మంచి మరక ఇదివరకు పడలేదు. దాన్ని సముద్రం ఫొటో మీద పరిచి మురిసిపోయింది.

"అత్తా, ఈ గుడ్డ డాబా మీద ఏ మూలనేసినావు? రేపూ అక్కడే ఎయ్యి."

పైడమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

"ఇది డాబా ఎక్కనేదే. గాలి మిషను పచ్చదీపం పిల్ల కళ్లల్లో పడతందని, పొద్దున్నే ఉయ్యాలకి అడ్డం కట్టినాను. సాయంత్రం ఇప్పి ఈటిల్లో ఏసినాను."

ఇంట్లో గాలిని వడకట్టే ఆ మిషను మీద, గాలి శుభ్రంగా ఉంటేనే వెలిగే దీపం అది. రోజారాణి గుడ్డను తిరగేసింది. పిల్ల ముఖానికి ఎదురుగా ఉన్న వైపు కూడా అంతే నల్లగా ఉంది.

పరుగున వెళ్లి ఉయ్యాలలో నిద్రపోతున్న కూతుర్ని ఎత్తుకుంది. తలుపు గడియ మీద చెయ్యి వేసి, అలాగే నిలబడిపోయింది. వెనక పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

"ఎక్కడికే తీసుకెల్తావు?" అంది పైడమ్మ.