పాత కచేరీలో గుమస్తా వేషం

ఈ కార్డు రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నేను ముప్ఫై ఏళ్లు అర్జీలు పుచ్చుకున్న పాత కచేరీని సినిమా షూటింగుకి ఇచ్చారు. అదే బల్ల దగ్గర గుమస్తా వేషం నాకే దక్కింది. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కథ ఇంకో కార్డుకి సరిపోతుంది, ఉండనివ్వండి.

కెమెరా తిరుగుతోంది. వరసలో నిలబడ్డ వేషధారుల్లోంచి ఒకావిడ అర్జీతో వచ్చింది. "బాబాయ్, ఇవాళే ఆఖరు. ఇది తీసుకోకపోతే రేపు మా ఇల్లు కూలగొట్టేస్తారు," అని బల్ల పట్టుకుని ఏడ్చింది.

ఎంత బాగా చేస్తోందీ అనుకున్నాను. నేను మాత్రం తక్కువ తిన్నానా? "గడువు దాటిపోయిందమ్మా, పో!" అని కసిరాను. కాగితం బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది.

డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. "మేం రాసింది 'ఇలా ఇవ్వండమ్మా' అని. మీ మాటే బాగుంది తాతా, ఉంచేద్దాం. ఆవిణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చారు?"

"మీ మనిషి కాదా?"

కాదు. అర్జీ నిజమైనదే. కచేరీ వేరే చోటికి మారిన సంగతి పాపం ఆవిడకి తెలీదు. వీధంతా వెతికాను, కనబడలేదు. అర్జీ పట్టుకుని కొత్త కచేరీకి పరుగెత్తాను. కిటికీలో నా దగ్గర పని నేర్చుకున్న గుమస్తాయే ఉన్నాడు.

గడియారం చూశాడు. "గడువు దాటిపోయింది గురువుగారూ," అన్నాడు.

కిటికీ మూశాడు.