చువ్వ మీది ముక్కలు

"ఆగవయ్యా! ఆ చువ్వ కింద పెట్టు!"

నిప్పుల వెనకనుంచి గెంజో అరిచిన అరుపుకు అకినొబు చేతిలోని పుల్లలు జారిపడ్డాయి. అప్పటికే ఆలస్యమైపోయింది. చువ్వలకు గుచ్చిన కోడిముక్కలన్నింటినీ అతడు శ్రద్ధగా ఊడదీసి, పక్కవాళ్ళకు సమానంగా పంచడానికి పళ్ళెంలో కుప్ప పోశాడు. ఆఫీసు విందుల్లో అందరికన్నా చిన్నవాడు చేయవలసిన పని అది. ఏ మేధావి విధించాడో తెలియదు గాని, అతని చేతులకు అలవాటైపోయింది.

"పొద్దున్నించీ కూచుని ఒక్కొక్క ముక్కా గుచ్చింది నువ్వు పీకి పారేయడానికా?"

"క్షమించండి తైషో గారూ!"

దుకాణం యజమానిని అక్కడ అందరూ అలాగే పిలుస్తారు. అకినొబు లేచి నడుం వంచాడు. నుదురు బల్లకు తగిలి టప్పుమంది. దుకాణమంతా గొల్లుమంది.

బల్ల చివర కూర్చున్న ఒరిహారా టీచరు మాత్రం నవ్వలేదు. కొకురా ఊళ్ళో పిల్లలకు జీవితమంతా లెక్కలు చెప్పి రిటైరైన ఆమెకు మనుషులను కూడా లెక్కలాగే చూడడం అలవాటు.

"ఇంత రాత్రివేళ టై బిగించుకుని తాగడానికి ఎవరూ రారు. ఏం పనిమీద వచ్చావు నాయనా?"

అకినొబు సాకే బుడ్డి అందుకుని కప్పులో ఒంపుకోబోయాడు. ఆమె అతని చేతిమీద ఒక్కటి వేసింది.

"నీ కప్పు నువ్వే నింపుకుంటావా? ఇక్కడ మేమంతా చచ్చామా?"

ఆమె ఒంపింది. అతడు ఒక్క గుక్కలో తాగి నిటారుగా నిలబడ్డాడు.

"తైషో గారూ! నా పేరు అకినొబు. మీ అమ్మాయి కొనత్సును పెళ్ళి చేసుకోవడానికి మీ అనుమతి కావాలి."

గెంజో చేతిలోని విసనకర్ర ఆగిపోయింది. నిప్పులమీద కొవ్వు చుక్క పడి చుయ్యిమంది. మంగలి తత్సుకిచి నోట్లోని చిక్కుడుగింజ నమలడం మరిచిపోయాడు.

"ఎవరినీ?" అన్నాడు గెంజో.

"కొనత్సునండీ. స్టేషన్ వెనక సందు, ఎర్రలాంతరు, కోడిచువ్వల దుకాణం అని చెప్పింది. నాన్న ఎప్పుడూ మొహం చిట్లించుకునే ఉంటాడు గానీ లోపల మెత్తన అంది. ఇవాళ వస్తున్నట్టు తనకి చెప్పలేదు. చెబితే ఆపేస్తుంది."

"అది కాదు బాబూ..." అని తత్సుకిచి ఏదో అనబోయాడు.

"నువ్వు నోరు ముయ్యరా!" గెంజో కసిరాడు.

ఒరిహారా టీచరు కప్పు కింద పెట్టింది. "ముందు నాకు చెప్పు. సొంతంగా సంపాదించుకుంటున్న ఆడమనిషిని, వానొస్తోంది గొడుగిస్తారా అన్నట్టు వాళ్ళ నాన్నని అడుగుతావా? ఆ పిల్లని అడిగావా?"

"అడిగానమ్మా. సరే అంది. నాన్న వద్దన్నా వస్తానంది." అన్నాడు అకినొబు. "కానీ ఏడుస్తూ వస్తానంది. ఏడవకుండా రావాలి తను. అందుకే వచ్చాను."

టీచరు ఒప్పుకున్నట్టు తల ఊపింది. ఆ దుకాణంలో అది అరుదైన సంఘటన.

గెంజో నెమ్మదిగా విసరడం మొదలుపెట్టాడు. "చిన్నప్పుడు ఇదిగో, ఈ నిప్పుల దగ్గరే వేలు కాల్చుకుంది. ఏడవలేదు. ఇంకో చువ్వ పెట్టమంది. వాళ్ళమ్మ పోయినప్పుడు మాత్రం..." ఆపేసి, చేత్తో కళ్ళు రుద్దుకున్నాడు. "మళ్ళీ చెప్పు. తలెత్తి, మొహంలోకి చూసి చెప్పు."

అకినొబు మళ్ళీ చెప్పాడు.

"గట్టిగా!" అరిచాడు తత్సుకిచి. అతని కళ్ళు మెరుస్తున్నాయి. "పీనుగ పక్కన మాట్లాడినట్టు ఏంటది? టై సర్దుకో!"

"అనుమతి అనకు," అంది టీచరు. "మేమిద్దరం నిర్ణయించుకున్నాం, మీరు దీవించాలి అను. ఆమె వస్తువు కాదు."

ఈసారి అకినొబు గొంతుకు గోడమీది సాకే బుడ్లు గలగలలాడాయి.

"మేమిద్దరం నిర్ణయించుకున్నాం! మీరు దీవించాలి!"

చప్పట్లు, ఈలలు, బల్లమీద మగ్గుల మోత. గెంజో పిడికిలితో బల్ల గుద్దాడు.

"నావరకు సరే! కానీ ఒక షరతు. ఈ సందు చివరి దుకాణంలో షిగెయొషి అని ఉంటాడు. మేమిద్దరం ఒక్క గురువు దగ్గరే పని నేర్చుకున్నాం. నాకన్నా ముందు చేరినవాడు. ఆయన ఊఁ అనకుండా నా మాట చెల్లదు. వెళ్ళి ఇప్పుడు చెప్పిందే, ఒక్క మాట తేడా రాకుండా చెప్పు."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే! పొయ్యి ఆర్పకముందే పో. అక్కడ చువ్వలమీద చెయ్యి వేశావో, చంపుతాడు!"

అకినొబు పరుగు తీశాడు. టీచరు అతని కోటు వెనకనుంచి విసిరింది. అందరూ గుమ్మంలో ఒకరిమీద ఒకరు పడి తొంగిచూశారు. వరసగా వెలుగుతున్న ఎర్రలాంతర్ల కిందుగా అతడు పరుగెత్తి చిట్టచివరి గుమ్మంలో దూరాడు. చాలాసేపటికి ఆ చివరినుంచి చప్పట్ల హోరు వినిపించింది.

"ఒప్పుకున్నాడు!" తత్సుకిచి టీచరును కౌగిలించుకోబోయి, ఆమె చూపు చూసి ఆగిపోయాడు.

"కళ్ళు తుడుచుకో తైషో," అంది ఆమె. "చువ్వలు మాడుతున్నాయి."

"పొగ!" అన్నాడు గెంజో.

కొనత్సు సందు చివరి షిగెయొషి కూతురు. గెంజోకు కూతుళ్ళు లేరు.