అమ్మ కేసెట్

మణి ఓవర్‌కోటు మీది మంచైనా దులుపుకోకుండానే అడిగాడు. "అక్కా, అమ్మ కేసెట్ రెడీయేనా?"

"ముందు లోపలికి రారా. కొవ్వొత్తులు వెలిగించాకే కదా పెట్టేది," అంది నవోమి.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆమె భర్త దేవకుమార్ గబుక్కున లోపలికి తప్పుకున్నాడు.

ఏటా క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ట్రాయ్ అనే ఊళ్లోని ఆ ఇంట్లో నాలుగు తెలుగు కుటుంబాలు చేరతాయి. లైట్లు ఆర్పి, పోయినవాళ్ల పేరున తలో కొవ్వొత్తీ వెలిగిస్తారు. ఒకరు నాన్నకిష్టమైన అరిసెలు తెస్తారు, ఒకరు ఫొటో తెస్తారు. నవోమి, మణి మాత్రం వాళ్లమ్మ పాడిన క్రిస్మస్ కీర్తన వినిపిస్తారు. డెబ్భైతొమ్మిదిలో పండక్కి ఆవిడ బాపట్ల నుంచి కేసెట్ మీద పాడి పంపింది. మరుసటి నెలలోనే కన్నుమూసింది. వీసా చిక్కుల్లో ఉన్న మణి మట్టి వేయడానికి కూడా వెళ్లలేకపోయాడు. అతనికి తల్లి తాలూకు మిగిలిందల్లా ఆ పాటే. దానికోసమే షికాగో నుంచి మంచులో డ్రైవ్ చేసుకుంటూ వస్తాడు.

నవోమి ఆ కేసెట్‌ని మామూలు రోజుల్లో ఎవర్నీ పెట్టనివ్వదు. కాపీ చేసుకుంటానని మణి ఎన్నిసార్లడిగినా "అరిగిపోతుందిరా" అని తోసేసింది. అంత అపురూపమైన దాని మీద అమ్మ పేరు మాత్రం ఎందుకో రాయలేదు.

అదే దేవకుమార్ కొంప ముంచింది. అక్టోబరులో బేస్‌బాల్ ఫైనల్స్ రేడియోలో వస్తుంటే, ఖాళీ కేసెట్ అనుకుని దాన్నే పెట్టి రికార్డ్ చేశాడు. మర్నాడు వింటే ఏముంది, అత్తగారి కీర్తన చివరి ముక్క, దానికి ముందంతా జనం ఈలలూ కేకలూ! ఆ రోజునుంచి మహానుభావుడికి అన్నం సహించలేదు. నవోమి హాస్పిటల్ డ్యూటీకి వెళ్లినప్పుడల్లా రాగానే చెప్పేద్దామనుకునేవాడు. ఆమె ముఖం చూస్తే నోరు పెగిలేది కాదు.

చివరికి, ఏటా ఆ సాయంత్రం వచ్చే కుటుంబాల్లో ఒకరైన సామ్యూల్ వాళ్లమ్మ సువార్తమ్మ గారిని చర్చిలో పట్టుకుని కాళ్లావేళ్లా పడ్డాడు. ఆవిడది రేపల్లె. అదే యాస, ఇంచుమించు అదే గొంతు. నవోమి ఇంట్లో లేని పూట బేస్‌మెంట్‌లో కుర్చీ వేసి, అదే రకం కొత్త కేసెట్ మీద పాడించాడు.

"క్రీస్తు పుట్టిన పండక్కి నాచేత దొంగపాట పాడిస్తన్నావబ్బాయ్. పైనుంచి ఆయన మనిద్దర్నీ చూస్తానే ఉంటాడు," అంది ఆవిడ.

రెండో చరణంలో పక్కనున్న, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ గుర్రుమంటూ మొదలైంది. రికార్డర్ ఆపబోయి ఆగిపోయాడు దేవకుమార్. పాత కేసెట్‌లోనూ పాట వెనక అలాంటి గుర్రు ఉండేది. దేవుడే సాయం చేశాడనుకున్నాడు. అలా అనుకున్నందుకు మళ్లీ సిగ్గుపడ్డాడు.

కొవ్వొత్తులు వెలిగాయి. నవోమి బటన్ నొక్కి, ఎప్పటిలాగే కళ్లు మూసుకుంది. పాట మొదలైంది. మొదటి మాటకే ఆమె కళ్లు టక్కున తెరుచుకున్నాయి. నేరుగా మొగుడి వంక చూసింది.

చచ్చాను, అనుకున్నాడు దేవకుమార్. కన్నకూతురికి తల్లి గొంతు తెలియదా!

కానీ ఆమె పాట ఆపలేదు. తమ్ముడి వైపు తిరిగింది. మణి మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"అక్కా, ఈసారి అమ్మ పక్కనే కూర్చుని పాడినట్టుంది," అన్నాడు.

సువార్తమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది.

భోజనాలయ్యాక, వంటింట్లో గిన్నెలు సర్దుతున్న భార్య దగ్గరికి వెళ్లాడు దేవకుమార్.

"నవోమీ, నన్ను క్షమించు. పాత కేసెట్ మీద బేస్‌బాల్ రికార్డ్ చేసేశాను. ఇవాళ పాడింది సువార్తమ్మ గారు. మణికి వాళ్లమ్మని రెండోసారి దూరం చేశాను. నేను మనిషిని కాదు."

"బేస్‌మెంట్‌లో పాడించారా?"

"నీకెలా తెలుసు?"

"ఫర్నేస్ వినపడిందిగా."

"అత్తయ్యగారి కేసెట్‌లోనూ ఆ చప్పుడుండేదని అలాగే ఉంచాను."

నవోమి చేతిలో గిన్నె కింద పెట్టేసింది. కళ్లనిండా నీళ్లు.

"బాపట్లలో ఫర్నేస్‌లెక్కడివండీ? అమ్మ పోయిందని తెలిశాక రాత్రీ పగలూ అదే పెట్టుకుని విన్నాను. ఆ జనవరిలోనే టేప్‌రికార్డర్ దాని రీలు నమిలేసింది. వాడికి చెప్పే ధైర్యం లేకపోయింది."

"మరి ఏటా మనం విన్నది?" అన్నాడు దేవకుమార్.

"మీరు చెరిపేసింది నా గొంతు."