పదకొండో నంబరు ఇంటి గడప

"అమ్మకాల వాళ్లైతే పక్క వీధి చూసుకోండి," అన్నాడు తలుపు తీసిన మనిషి. తీసింది సగమే, మిగతా సగానికి భుజం అడ్డం పెట్టాడు.

"నేనేమీ అమ్మడం లేదు. ఎడిత్ కాట్లో ఇల్లు ఇదేనా?"

"మా అమ్మే. ఆవిడతో మీకేం పని?"

ఆ మనిషి ఆంబ్రోస్ కన్నా ఐదారేళ్లు చిన్న. గడ్డం మీద తనకున్న నొక్కే ఉంది. ఆంబ్రోస్‌కు ఒళ్లు మండింది. నాలుగేళ్ల వయసులో తనను అనాథాశ్రమంలో వదిలేసి, ఆస్ట్రేలియా ఓడ ఎక్కించడానికి ఒప్పుకున్న తల్లి, ఆ తర్వాత తీరిగ్గా మరొకణ్ణి కని పెంచుకుందన్నమాట. ఎందుకు వదిలేశావని ఒక్క ప్రశ్న అడగడానికే అతను పెర్త్ నుంచి ఇంగ్లండ్‌లోని లాంకషైర్ దాకా వచ్చాడు. కావాలనే తన పుట్టినరోజునాడు వచ్చాడు.

అతని దగ్గరున్న ఆధారం ఆశ్రమం వారి కాగితం ఒక్కటే. అందులో తన పేరు, తల్లి పేరు, ఊరు, 'తల్లి అనుమతితో' అన్న రెండు ముక్కలు ఉన్నాయి. చర్చి రిజిస్టర్లలో వెతికిన ప్రతి ఏడాదికీ రుసుము కట్టాలి. తన జ్ఞానస్నానం నమోదైన పుట దొరికి, ఈ చిరునామా కనబడగానే పుస్తకం మూసేశాడు. తర్వాతి ఏళ్లు చూసే స్తోమత లేదు.

"కాట్లో ఇంటిపేరు వాళ్లా?" అని చర్చి గుమాస్తా అప్పుడే విసుక్కున్నాడు. "జాగ్రత్తగా చూసుకోండి, తరానికి ముగ్గురు సామ్యూళ్లు తగులుతారు. బిడ్డ చనిపోతే ఆ పేరే తర్వాతి బిడ్డకు పెట్టేస్తారు. ఈ ఊళ్లో పేరును కూడా పారెయ్యరు లెండి."

బిడ్డనైతే పారేస్తారు, అనుకున్నాడు ఆంబ్రోస్.

"నేను ఆవిడ పెద్దకొడుకుని," అన్నాడు ఇప్పుడు.

తలుపు దగ్గరి మనిషి ఎగాదిగా చూశాడు. "ఆ యాస ఆస్ట్రేలియాదేగా? ముసలావిడ పేర ఇల్లుందన్న కబురు అంత దూరం పాకిందా?"

"మీ ఇల్లు మీరే ఏలుకోండి. ఆవిడను పిలవండి."

"మా అమ్మకు పిల్లల్ని వదిలేసే అలవాటు లేదు. ఇంతకీ తమరి పేరు?"

"అది ఆవిడకే చెబుతాను."

"అయితే ఇంకోరోజు రండి. ఇవాళ ఆవిడ ఎవరినీ చూడదు. ఏటా ఈ రోజు గది తలుపేసుకుని కూర్చుంటుంది, పచ్చి మంచినీళ్లైనా ముట్టదు."

"తప్పు చేసినవాళ్లకు ఏడాదికొక రోజైనా అలాంటిది ఉండాలి."

"నోరు అదుపులో పెట్టుకో," అన్నాడు ఆ మనిషి, తలుపు నెడుతూ.

ఆంబ్రోస్ బూటు గడపకు అడ్డం పెట్టాడు. "అడిగేది ఒక్క మాట. అడిగి పోతాను."

"కాలు తియ్. పోలీసులను పిలవమంటావా?"

"పిలువు. వాళ్ల ముందే అడుగుతాను."

ఆ పెనుగులాటకు గోడకు ఆనించి ఉన్న బొగ్గు పార దబ్బున కిందపడింది. మేడమీద గది తలుపు కిర్రుమంది.

"ఆంబ్రోస్?" అంది పైనుంచి ఒక ముసలి గొంతు.

ఆంబ్రోస్ కాలు దానంతటదే వెనక్కి వచ్చింది. నలభై ఏళ్లుగా కూడగట్టుకున్న ప్రశ్న మరిచిపోయాడు. తల్లి తనను మాటనుబట్టే గుర్తుపట్టింది. జవాబివ్వడానికి నోరు తెరిచాడు.

"వస్తున్నానమ్మా," అన్నాడు తలుపు తీసిన మనిషి.