ముందు మీరే

“ముందు ఆయన్ని చూపించమనండి. తర్వాత నేను చూపిస్తాను,” అన్నాడు మీసాలాయన.

“ఆహా! నేను చూపించాక ఈయనగారు చేతులు దులుపుకుని ఇంటికి పోదామనా? ముందు ఆయనే,” అన్నాడు కర్రాయన.

మందుపాతరలు తీసే బృందం నాయకురాలికి తల పగిలిపోతోంది. పొద్దున్నుంచీ ఇదే వరస. తాడు కట్టిన బీడు ముందు ఇద్దరూ చెరో పటం పట్టుకుని నిలబడ్డారు. ఇద్దరికీ కలిపి నూట యాభై ఏళ్లుంటాయి, పంతం చూస్తే పదేళ్లు కూడా లేవు. బీడు నడిమధ్య ఒక సరిహద్దు రాయి. దానికి ఎడమ సగంలో మందుపాతరలు పాతింది మీసాలాయన, కుడి సగంలో పాతింది కర్రాయన. ముప్పై ఏళ్ల కిందట ఇద్దరూ శత్రు సైన్యాల్లో ఉండేవాళ్లు. ఎక్కడ ఏముందో తెలిసినవాళ్లు ఇప్పుడు వీళ్లిద్దరే మిగిలారు. రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఎవరి సగంలో మొదటి మందుపాతర వాళ్లే చూపించాలి. అప్పటిదాకా ఆమె మనుషులు యంత్రాలతో దిగకూడదు.

“తాతగారూ, అయిదుకల్లా మొదలుపెట్టకపోతే ఒప్పందం చెల్లదు. మళ్లీ ఈ రెండు దేశాలూ ఒక మాట మీదికొచ్చేసరికి ఆ బడిపిల్లలకి పెళ్లిళ్లయిపోతాయి.”

బీడుకి ఆవల కొత్త బడి. రంగులు కూడా వేసేశారు. ఇవతలి పిల్లలు దాన్ని చేరాలంటే కొండ చుట్టూ రెండు గంటల నడక. నిన్న ఇద్దరు తాడు దాటబోతుంటే ఆమే రెక్క పట్టుకుని ఇవతలికి లాగింది.

“నువ్వు చెప్పింది నిజమేనమ్మాయ్. కానీ ముందు మనం చెయ్యి పెట్టకూడదని మావాళ్లు మరీ మరీ చెప్పారు,” అన్నాడు మీసాలాయన.

“మావాళ్లూ అదే చెప్పార్లే!” అన్నాడు కర్రాయన.

“నాలుగున్నరయిందండీ! ఇవాళ కాకపోతే, రేపు నేనుండను. ఆ పిల్లల్ని ఎవరు లాగుతారు?” అంది ఆమె.

మీసాలాయన ఆమె మొహంలోకి చూశాడు. పటం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తాడు దాటి గబగబా ఎడమ సగంలోకి నడిచాడు.

“తాతగారూ, ఆగండి!”

ఆమె మనుషులు చెవులు మూసుకుని నేలకి కరుచుకున్నారు. ఆయన కాళ్ల కిందికి కూడా చూసుకోకుండా, పెరట్లోకి వెళ్తున్నట్టు రాయి దాకా నడిచాడు. పక్కనే చేతుల్తో గోకి తుప్పు పట్టిన డబ్బా ఒకటి పైకి లాగాడు. మూత ఊడబెరికి బోర్లించాడు. బొడబొడా ఇసుక రాలింది.

“అరవై డబ్బాల్లోనూ ఇసుకేనమ్మాయ్! అప్పుడూ ఇక్కడ పిల్లలు ఆడుకునేవాళ్లు. నాకు చేతులు రాలేదు. మందంతా ఏట్లో కలిపేశాను. మా ఆఫీసరుకి తెలిస్తే నన్ను కాల్చేసేవాడు. అవతలి సైన్యానికి తెలిస్తే మా మీదికి దూసుకొచ్చేది. అందుకే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను.” ఆయన రాయి మీద కూలబడ్డాడు. “నా సగం అయిపోయింది. ఆ సగంలో మాత్రం జాగ్రత్త, అవి నిజంవి!”

కర్రాయన బడి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. తాడు ఎత్తి, దాని కింద నుంచి కుడి సగంలోకి దూరాడు.

“అయ్యో, మీరెక్కడికండీ? పట్టుకోండి ఆయన్ని!” అని అరిచింది ఆమె.

పట్టుకునే ధైర్యం ఎవరికుంది? ఆయన అడుగడుక్కీ కర్రతో నేలని పొడుచుకుంటూ తాపీగా వెళ్లాడు. రాయి దగ్గర ఆగి, “కాస్త జరుగు” అని మీసాలాయన పక్కనే చతికిలబడ్డాడు.

“అరవై డబ్బాలకీ ఇసుక మోశావా? ఎంత ఓపికయ్యా నీకు!” అన్నాడు ఆయాసపడుతూ. “నేను ఖాళీ డబ్బాలే పాతేశాను.”